ఆకాష్ పేరున ఒక పళ్ళెం

తువాస్, సింగపూర్
ఆదివారం సాయంత్రం

రాములుకు,

నీ మావ ఏడుకొండలు రాస్తున్నది. ఇక్కడ నా ఒంట్లో కులాసాగానే ఉంది. అక్కడ నువ్వు, కోడలు కల్పన, కొట్టంలో గేదె అంతా కులాసా అని తలుస్తున్నాను. ఫోన్లో వారం వారం వింటూనే ఉన్నాను కాబట్టి ఈ మాట రాయనక్కర్లేదు. కాని మా నాన్న నేర్పిన వరస అది. ముందు క్షేమం రాయనిదే నా కలం కదలదు.

ఫోనుండగా నేనూ ఉత్తరం రాయడమేమిటని అనుకుంటావు. మన ఫోను సంగతి నీకు తెలియందా? నువ్వు దాన్ని అరుగు మీద పెట్టి స్పీకరు నొక్కుతావు. పక్కింటి లక్ష్మీదేవి వదిన గోడ అవతలి నుంచే నన్ను పలకరిస్తుంది. కల్పన చాటలో బియ్యం ఏరుకుంటూ పక్కనే కూర్చుంటుంది. అందరూ వినదగ్గ మాటలన్నీ అలా చెప్పేశాను. నీకొక్కదానికే చెప్పాల్సినవి మిగిలిపోయాయి. అనిల్‌కుమార్ లీవు మీద ఊరికి వస్తున్నాడు, అతని చేతికి ఇస్తున్నాను. కూడబలుక్కుని చదివినా సరే, నువ్వే చదువుకో. కల్పన చేత మాత్రం చదివించొద్దు.

నువ్వు పంపిన మాగాయ పచ్చడి, దాంతో పెట్టిన ఉత్తరం చేరాయి. గదిలో అందరం కలిసి పచ్చడిని చూస్తుండగానే ఖాళీ చేశాం. మోకాలి నొప్పి అడిగావు. ట్యాంకు లోపల వంగి వెల్డింగ్ చేసే పని తప్పించి ఇప్పుడు పైన డెక్కు మీద వేశారు, నొప్పి తగ్గింది. ఎండకు ఇంకాస్త నల్లబడ్డాను, అంతే. పెళ్ళి చూపుల్లో నన్ను చూసి నువ్వు చీకట్లో కనిపించడన్నావట కదా, ఇప్పుడైతే పగలు కూడా వెతుక్కోవాలి.

ఇక్కడి నుంచి లీవుకొచ్చిన మారయ్య నా గురించి ఏమేమో చెప్పాడని రాశావు. మనిషి చిక్కిపోయాడన్నాడు, సరే. ఆదివారం ఆదివారం ఎవరో పరాయిదేశం ఆడమనిషి హోటల్లో కూర్చుంటాడన్నాడు. మారయ్య నోటికి ఎప్పుడూ తాళం లేదు. కూర్చునే మాట నిజమే. ఆ ఆడమనిషికి అరవై దాటాయి, నడుము నొప్పి, పొద్దున్నుంచి రాత్రి దాకా మొగుడి మీద అరుపులు. పేరు లూర్దెస్. మన వైపు లూర్దమ్మ అంటారే, ఆ పేరే. మేమంతా లూర్దు ఆంటీ అంటాం.

ఇక కొండయ్య బావ వచ్చి అడిగిన మాట. కల్పనకు కన్నతండ్రి కదా, అడుగుతాడు. చీరాల ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే ఆ అబ్బాయి మంచివాడేననీ, కల్పనను చేసుకుంటానంటున్నాడనీ, మనం ఔనంటే తప్ప తను ముందుకు కదలననీ అన్నాడని రాశావు. కింద నువ్వు, "నన్నేం చెప్పమంటావు మావా" అని రాసి ఆపేశావు. ఆ మాట దగ్గర కాగితం తడిసి ఎండినట్టుంది. జవాబు రాస్తాను రాములూ. తప్పించుకోవడానికి కాదు గాని, ముందు ఆ హోటలు సంగతి చెప్పకపోతే నా జవాబు నీకు అర్థం కాదు.

నాతో పనిచేసే రోడెల్ అని ఒకడున్నాడు. ఫిలిప్పీన్స్ వాడు, పైపులు బిగించే పని. ముప్పై ఏళ్ళుంటాయేమో. నన్ను కుయా అంటాడు, అంటే వాళ్ళ భాషలో అన్న. వాడే మొదటిసారి ఆ హోటలుకు తీసుకెళ్ళాడు. ఇక్కడికి దూరమే. తువాస్‌లో రైలెక్కి ఊరు చుట్టుకుని యీషున్‌లో దిగాలి. పెద్ద పెద్ద ఇళ్ళ బ్లాకుల కింద వరసగా కొట్లుంటాయి, అందులో చివరిది. ప్లాస్టిక్ కుర్చీలు, నీళ్ళ జగ్గు, గోడకు బాల యేసు పటం. చొక్కా చూసి లోపలికి రానివ్వడమనేది అక్కడ లేదు, అందుకే నాకు నచ్చింది.

ఆంటీ మొగుడు ఇక్కడి చైనావాడు. సెంగ్ అంకుల్ అంటాం. మాట తక్కువ, మంట ఎక్కువ. పొయ్యి మంట బాణలి దాటి పైకి లేస్తుంటే ఒంటి చేత్తో నూడుల్స్ ఎగరేస్తాడు. వాటిని పన్సిత్ అంటారు. క్యాబేజీ, క్యారెట్, గుడ్డు వేసి, మీద ఉసిరికాయంత నిమ్మకాయ పిండి ఇస్తారు. ఇది చైనా వంట కదా, మీ ఫిలిప్పీన్స్ వంటని ఎందుకంటారని ఆంటీని ఒకసారి అడిగాను. ఆంటీ గరిటె ఆపి నా వైపు చూసింది. "మా తాతల తాతలు తిన్నారు దీన్ని. ఇంకా ఎవరిదంటావ్?" అంది. అంకుల్ వెనక నుంచి నవ్వాడు. ఆ నవ్వు నేను చూడటం అదొక్కసారే.

మిగతాదంతా సముద్రం సరుకు. ఆదివారం తెల్లవారకముందే ఆంటీ చేపల మార్కెట్టుకు వెళ్ళి వస్తుంది. ఐసు పెట్టెలో పండుగప్పలు, రొయ్యలు, కాళ్ళు కట్టేసిన పీతలు. అవన్నీ చూస్తే నా చేతులు ఊరుకోవు. తినకపోయినా చేపల మొప్పలెత్తి ఎరుపు చూస్తాను, వేలితో నొక్కి చూస్తాను. కాని నా పళ్ళెంలోకి ఉత్త కూరగాయల పన్సిత్ మాత్రమే. రొయ్య తీసేసి ఇమ్మంటే ఆంటీ ప్రతిసారీ గొణిగేది. "రొయ్య లేకుండా ఇదేం పన్సిత్ లా? నీ ఒంటికి పడదా?" అనేది. మాట చివర లా తగిలించడం ఇక్కడివాళ్ళ అలవాటు. మొక్కు ఉందనేవాణ్ణి. ఏం మొక్కు అని వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు.

మొక్కు నీది. నీకు తెలియనిది కాదు. అయినా రాస్తాను, రాస్తే గాని నా మనసు ఒక దారికి రాదు. ఆ గాలివాన రోజు పడవ తిరగబడి మిగిలిన వాళ్ళంతా ఒడ్డుకు చేరారు, మన ఆకాష్ ఒక్కడూ చేరలేదు. నేను లీవు పెట్టి వచ్చి ఒడ్డు పట్టుకుని తిరిగాను, రేవు రేవునా అడిగాను, ఆసుపత్రుల్లో ఎవరెవరి పిల్లల మొహాల మీదో గుడ్డ తీసి చూశాను. మనవాడు దొరకలేదు. నువ్వు గంగమ్మ ముందు కొంగు పరిచి, "నా బిడ్డ తిరిగొచ్చిందాకా సముద్రంలోది ఏదీ నా పొయ్యి ఎక్కదు తల్లీ" అన్నావు. నీ పక్కనే నిలబడి నేనూ దండం పెట్టాను. రెండేళ్ళు దాటింది. చేపలు పట్టే పాలెంలో చేప వండని ఇల్లు మనదొక్కటే.

చేప ముట్టుకుంటే వాడు లేడని ఒప్పుకున్నట్టవుతుంది. అందుకే ముట్టుకోలేదు. పెద్దలు శవం బదులు బొమ్మ చేసి కర్మ చేయిద్దామంటే అందుకే వద్దన్నాం. అందుకే కల్పన మెడలో తాళి అలాగే ఉంది. ఆ పిల్ల ముత్తయిదువ కాదు, మరొకటీ కాదు. పేరంటానికి పిలవాలా వద్దా అని పాలెంలో ఆడవాళ్ళు గుమ్మం దాకా వచ్చి ఆగిపోతారని నువ్వే ఒకసారి చెప్పావు.

పోయిన ఆదివారం సంగతికి వస్తాను. శుక్రవారం పని దిగుతుండగా రోడెల్, "కుయా, సండే తప్పకుండా రావాలి. పన్సిత్ పెద్ద పళ్ళెం చెప్పాను" అన్నాడు. వాళ్ళల్లో పుట్టినరోజుకు పన్సిత్ ఉండాల్సిందే. పోగు ఎంత పొడుగుంటే ఆయుష్షు అంత పొడుగని తెంచకుండా తింటారు. ఆ హోటల్లో అలాంటి పుట్టినరోజులు నేను చాలా చూశాను. పెద్ద పళ్ళెం అన్నాడు కదా, వీడిదే అనుకున్నాను. ఇక్కడి బేకరీలో క్రీము కేకు కొని, మీద హ్యాపీ బర్త్‌డే రోడెల్ అని రాయించుకుని, రైల్లో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాను.

వెళ్ళేసరికి రెండు బల్లలు కలిపి అరటాకులు పరిచి ఉన్నాయి. వాళ్ళు అప్పుడప్పుడు అలా వేసుకుని చేత్తోనే తింటారు, అచ్చం మనలాగే. చుట్టూ నిలబడ్డవాళ్ళు నల్ల బట్టల్లో ఉన్నారు. అప్పటికీ నాకు తట్టలేదు. గట్టిగా హ్యాపీ బర్త్‌డే అని కేకు డబ్బా తెరిచి బల్ల మీద పెట్టాను. అప్పుడు చూశాను, బల్ల చివర కొవ్వొత్తి, దాని పక్కన ఒక కుర్రవాడి ఫోటో. రోడెల్ మొహమే, కాస్త చిన్నది.

వాడి తమ్ముడట. ఏడాది కిందట, వాళ్ళ దీవి దగ్గర తుఫానులో వేటకు వెళ్ళి రాలేదు. శవం దొరకలేదు. నా పక్కనే ఏడాది పాటు పైపులు బిగించాడు, ఒక్క మాట చెప్పలేదు. నేను మాత్రం వాడికి చెప్పానా? ఇద్దరం అన్నం డబ్బాలు పక్కపక్కన పెట్టుకుని, వాన గురించీ సూపర్వైజర్ గురించీ మాట్లాడుకున్నాం.

సిగ్గుతో చచ్చిపోయాననుకో. కేకు మూసేయబోతే రోడెల్ నా చెయ్యి పట్టుకున్నాడు. "ఉండనీ కుయా. వాడికి క్రీమంటే ఇష్టమే" అన్నాడు. ఆంటీ చెంచా తెచ్చి మీది అక్షరాలు నెమ్మదిగా గీకేసి, తెల్ల కేకును ఫోటో ముందు పెట్టింది.

వాళ్ళల్లో ఒక ఆచారం ఉంది. బాబాంగ్ లుక్సా అంటారు. పోయినవాళ్ళ కోసం ఏడాది పాటు నల్ల బట్టలు కట్టి, ఏడాది తిరిగాక అవి విప్పేసి అందరూ కలిసి భోంచేస్తారు. దుఃఖాన్ని నెత్తి మీది నుంచి కిందికి దించడమని ఆంటీ చెప్పింది. మరిచిపోవడం కాదట, దించుకోవడమట. రోడెల్ వాళ్ళమ్మ ఫోన్లో కనిపించింది. నీ వయసే ఉంటుంది. నల్ల గౌను విప్పేసి పసుప్పచ్చది వేసుకుని వచ్చి కూర్చుంది. ఏదో చెప్పింది. ఆమె ఏమన్నదని ఆంటీని అడిగాను. "రోజూ రేవుకు వెళ్ళి నిలబడుతున్నానని ఇంట్లోవాళ్ళు నవ్వడానికి కూడా భయపడుతున్నారు. ఇక వెళ్ళను అంటోంది" అంది ఆంటీ.

ఆ మాట వినగానే నాకు కల్పన గుర్తొచ్చింది రాములూ. ఆమధ్య మనం ఫోన్లో ఉండగా టీవీలో ఏదో చూసి పకపకా నవ్వింది, నీకు గుర్తుందా? మరుక్షణం ఆపేసింది. నువ్వేమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. తనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంటుంది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల నవ్వినందుకు మనకు భయపడింది.

అప్పుడు చెప్పాను రోడెల్‌కు. నా వచ్చీరాని ఇంగ్లీషులో, నాకూ ఒక కొడుకు, పేరు ఆకాష్, వాడూ ఇలాగే అని. ఇంకెక్కువ చెప్పలేకపోయాను. వాడు వింటూ తమ్ముడి ఫోటో ముందు పళ్ళెం పెడుతున్నాడు, పన్సిత్, పీత, చేపల పులుసు అన్నీ కొంచెం కొంచెం వేసి. నా మాట అయ్యాక, "నీ కొడుక్కి ఏం ఇష్టం కుయా?" అన్నాడు. పీతలన్నాను. డెక్కలు నాకిచ్చి నడుం ముక్క తను తీసుకునేవాడని అన్నాను. రోడెల్ వెంటనే ఇంకో పళ్ళెం తీసి, పెద్ద పీత నడుం ముక్క వేసి, నూడుల్స్ వేసి, గిన్నెతో పులుసు పెట్టి, తమ్ముడి పళ్ళెం పక్కనే పెట్టాడు. ఆకాష్ అని మనవాడి పేరు తనకు వచ్చినట్టు పలికి సిలువ గీసుకున్నాడు.

నేనేం చేశానో చెబితే నువ్వు నవ్వుతావో ఏడుస్తావో తెలియదు. వాళ్ళంతా తినడం మొదలుపెట్టగానే నేను ఆకాష్ పళ్ళెం పట్టుకుని బయటికి నడిచాను. పోయినవాళ్ళకు పెట్టిందాన్ని కాకి ముట్టాలి కదా. అంతకన్నా నాకేం తెలుసు. బ్లాకు ముందు గడ్డిలో పెట్టి దూరంగా నిలబడి కాకి కోసం చెట్ల వైపు చూస్తున్నాను. ఆంటీ చెయ్యి తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చింది.

"ఏయ్, ఏయ్, పక్షులకు పెడితే ఫైన్ వేస్తారు లా. తియ్యి, తియ్యి" అంది.

కాకి రావాలి ఆంటీ, మా వాళ్ళల్లో అంతే అన్నాను. ఆమెకు ఎంత అర్థమైందో. పళ్ళెం తనే ఎత్తి నా చేతిలో పెట్టింది. "మా ఇంట్లో ఆ అన్నాన్ని పారెయ్యరు. సొంతవాళ్ళే తింటారు. రోడెల్ తమ్ముడిది రోడెల్ తింటాడు. నీ కొడుకుది తినడానికి ఇక్కడ నువ్వు తప్ప ఎవరున్నారు?" అంది. అని నడుం పట్టుకుని లోపలికి పోయింది.

చాలాసేపు ఆ గడ్డిలోనే నిలబడ్డాను. కాకి రాలేదు రాములూ. నేనే తిన్నాను.

ఇదే నేను ఫోన్లో చెప్పలేకపోయిన మాట. మెట్టు మీద కూర్చుని మొదట పులుసు తాగాను. వాళ్ళు కూడా చింతపండుతోనే పెడతారు. అందులో చేప మన ఉప్పుటేట్లో పడే పాలబొంతే. తర్వాత పీత విరిచి తిన్నాను, నడుం ముక్క, వాడిది. ఏడుస్తూనే తిన్నాను. దాచేదేముంది, రుచిగా ఉంది. అది రాయడానికి తిన్నదానికంటే ఎక్కువ సిగ్గుగా ఉంది. రెండేళ్ళ తర్వాత నాలుకకు ఉప్పు తగిలినట్టయింది. గిన్నె అడుగు దాకా ఊడ్చుకుని లోపలికి వెళితే సెంగ్ అంకుల్ ఏమీ అడక్కుండా నా ముందు ఆకు మీద ఇంకో గరిటె పన్సిత్ వేశాడు, ఈసారి రొయ్యలతో. అదీ తిన్నాను. రోడెల్ తన తమ్ముడి పళ్ళెం నా ఎదురుగా కూర్చుని తిన్నాడు.

మొక్కు తప్పిన పాపం ఏదైనా ఉంటే అది నాది. గంగమ్మకు నేను చెప్పుకుంటాను. నిన్ను అడక్కుండా తిన్నందుకు నీకు కోపం రావచ్చు, రావాలి కూడా. వాడు వస్తాడని నువ్వు ఇంకా నమ్ముతున్నావని నాకు తెలుసు. వాడి చెప్పులు చూరు కిందే ఉంచావని తెలుసు. వాటిని తియ్యమని నేను చెప్పను, అది నీ ఇష్టం. కాని మన ఎదురుచూపు మన ఇద్దరిది. ఆ పిల్ల మెడలో దాన్ని కట్టి కూర్చోబెట్టడం తప్పు. మన బిడ్డ పోయాడు. రాయలేననుకున్నాను, రాశాను.

కొండయ్య బావకు ఔనని చెప్పు. వచ్చే నెలకు లీవు అడిగాను, ఇస్తామన్నారు. వచ్చి రేవులో కర్మ నేనే చేస్తాను. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం, ఆ తంతు మన గడపలో జరగకూడదు. పాలెం పెద్దలతో నేను మాట్లాడతాను, వాళ్ళు వినకపోతే నేను కూడా వినను. తాళి నీ చేత్తో నువ్వే తీసి దాచిపెట్టు. గాజులు చేతికి అలాగే ఉంచి, కొత్త చీర పెట్టి, చీరాలకు మనమే పంపుదాం. ఆ అబ్బాయి వచ్చినప్పుడు కల్పనకు అతను నచ్చాడో లేదో నువ్వు ఒంటరిగా అడిగి తెలుసుకో. వాళ్ళ నాన్న ముందు అడిగితే తల వంచుకుంటుంది గాని చెప్పదు. నచ్చలేదంటే ఇంకో సంబంధం చూద్దాం. వద్దు, మీతోనే ఉంటానంటే ఉండనీ, కాని మన కోడలిగా కాదు, మన కూతురిగా.

ఇదంతా ఆ పిల్లకు నువ్వే చెప్పాలి, నా వల్ల కాదు. చెప్పడానికి నోరు రాకపోతే మాటలొద్దు. సందులో చేపల గంప వచ్చినప్పుడు పిలిచి ఆ పిల్ల చేతే ఒక చేప కొనిపించి, పొయ్యి మీద పెట్టు. ఆ పిల్లకు అర్థమవుతుంది.

అనిల్‌కుమార్ బుధవారానికి మన ఊళ్ళో ఉంటాడు. వచ్చే ఆదివారం నేను ఫోన్ చేసి ఎప్పటిలాగే ముందు "ఇయ్యాల కూరేందే" అని అడుగుతాను. స్పీకరు నొక్కే ఉంచు. పప్పు అన్నావంటే నీ మనసు ఇంకా ఒప్పలేదనుకుంటాను. కోపం తెచ్చుకోను, మరుసటి వారం మళ్ళీ అడుగుతాను. చేపయితే ఆ చేప పేరొక్కటి చెప్పు, ఇంకేం అనొద్దు. నాకు మాట రాకపోతే, లైను సరిగ్గా లేదని కల్పనకు చెప్పు.

ఇట్లు,
ఆకాష్ నాన్న